న్యూయార్క్ యూదు డెలి చరిత్ర రాయాలంటే: ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదవాలి

న్యూయార్క్‌లో ఒకే కుటుంబం తరాలుగా నడిపిన యూదు డెలి (ఊరబెట్టిన మాంసాలు, శాండ్‌విచ్‌లు అమ్మే షాపు) ఏది తీసుకున్నా, బోర్డు మీద స్థాపించిన సంవత్సరం ఉంటుంది. మెనూ వెనకాల తాతగారి కథ నాలుగు వాక్యాల్లో ఉంటుంది. ఆ రెండింటినీ ఎత్తి రాసేస్తే వ్యాసం తయారవుతుంది గానీ చరిత్ర తయారవదు. చరిత్ర కావాలంటే ఆ నాలుగు వాక్యాల్లో ప్రతిదానికీ విడిగా కాగితం వెతకాలి. వెతికేటప్పుడు షాపు పేరు కంటే చిరునామాను నమ్ముకోండి. భాగస్వాములు మారతారు, పేర్లు మారతాయి, ఒకే పేరుతో నగరంలో పది షాపులుంటాయి. చిరునామా మాత్రం పన్నుల ఆఫీసులో, సెన్సస్‌లో, డైరెక్టరీలో, ఫొటోల్లో వేటికవే జాడలు వదులుతుంది.

లోయర్ ఈస్ట్ సైడ్‌లో హౌస్టన్, లడ్లో వీధులు కలిసే మూలన ఉన్న కాట్జ్ డెలినే చూడండి. షాపు చెప్పుకునే కథ ఇది: 1888లో ఐస్‌ల్యాండ్ సోదరులు లడ్లో వీధిలో మొదలుపెట్టారు. 1903లో విల్లీ కాట్జ్ చేరడంతో పేరు ఐస్‌ల్యాండ్ అండ్ కాట్జ్ అయింది. 1910లో విల్లీ బంధువు బెన్నీ వచ్చాడు, ఇద్దరూ కలిసి ఐస్‌ల్యాండ్ వాటా కొనేశారు. 1917లో హ్యారీ టారోవ్‌స్కీ భాగస్వామిగా చేరాడు. సబ్‌వే పనుల వల్ల షాపు వీధికి ఇవతలి వైపుకు మారింది. ఈ కథను పరీక్షించాలనుకుని ‘కాట్జ్’ అనే పేరొక్కటే పట్టుకుని వెతికారనుకోండి, మొదటి పదిహేనేళ్లు మీ కంట పడే అవకాశమే లేదు. పైగా ఆ పేరు న్యూయార్క్ యూదుల్లో ఎంత మామూలంటే, దొరికినవాళ్లలో మనవాడెవడో తేల్చడానికే నెలలు పడుతుంది.

ముందు వ్యాపారం తెలియాలి

ఆర్కైవ్స్‌కు వెళ్లే ముందు ఒక వారం పాటు డెలి అంటే ఏం అమ్ముతారో, ఏం అమ్మరో నేర్చుకోండి. ఇది తెలియక రాసినవాళ్ల తప్పులు కాగితాలు దొరకనివాళ్ల తప్పుల కంటే ఘోరంగా ఉంటాయి.

కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం మాంసం, పాల పదార్థాలు కలవకూడదు. అందుకే న్యూయార్క్ యూదుల్లో రెండు రకాల షాపులు విడివిడిగా పెరిగాయి. పాస్ట్రామీ, కార్న్డ్ బీఫ్, సలామీ వంటి ఊరబెట్టిన, నిల్వ చేసిన మాంసాలు అమ్మేది డెలి. పొగబెట్టిన చేపలు, క్రీమ్ చీజ్ అమ్మేది అపెటైజింగ్ షాపు. హౌస్టన్ వీధిలోనే ఉన్న రస్ అండ్ డాటర్స్ ఈ రెండో రకం. జోయెల్ రస్ దాన్ని 1914లో మొదలుపెట్టి, 1920లో 179 ఈస్ట్ హౌస్టన్‌కు మార్చాడు. ‘మా ముత్తాత ఒకే కౌంటర్ మీద క్రీమ్ చీజ్, పాస్ట్రామీ అమ్మేవాడు’ అని కుటుంబంలో ఎవరైనా చెబితే రెండు అవకాశాలున్నాయి: రెండు షాపుల జ్ఞాపకాలు కలిసిపోయాయి, లేదా ఆ షాపు కోషర్ పాటించలేదు. ఏది నిజమో తేలేదాకా ఆ వాక్యం మీ వ్యాసంలోకి రాకూడదు.

మాంసం కోతలు కూడా సాక్ష్యాలే. పాస్ట్రామీకి సంప్రదాయంగా వాడేది నేవెల్, అంటే ఆవు పొట్ట కిందిభాగం. కొవ్వు ఎక్కువ, అప్పట్లో చవక. కార్న్డ్ బీఫ్‌కు వాడేది బ్రిస్కెట్, అంటే రొమ్ముభాగం. రెంటినీ మసాలా వేసిన ఉప్పునీళ్లలో వారాల తరబడి ఊరబెడతారు. పాస్ట్రామీకి ఆపైన మిరియాలు, ధనియాలు పట్టించి పొగబెట్టి, వడ్డించే ముందు ఆవిరి పెడతారు. కార్న్డ్ బీఫ్‌కు పొగ ఉండదు, ఉడకబెడతారు. కోషర్ షాపులు పశువు వెనకభాగం దాదాపు వాడవు. అక్కడి తొడ నరాన్ని, నిషిద్ధమైన కొవ్వును తీయడం చాలా శ్రమ, చేయగల పనివాళ్లు తక్కువ. కాబట్టి పాత మెనూలో సర్‌లాయిన్ స్టేక్ గానీ, పాస్ట్రామీ మీద చీజ్ గానీ కనిపిస్తే ఆ షాపు అప్పటికి కోషర్ కాదనే అనుమానించాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ‘రుమేనియన్ టెండర్‌లాయిన్’ అనే వంటకం కోషర్ మెనూల్లో మామూలుగా ఉంటుంది. పేరులో టెండర్‌లాయిన్ ఉన్నా అది స్కర్ట్ స్టేక్, ముందుభాగానికి చెందిన కోత. దాన్ని చూసి తొందరపడి తీర్పు ఇవ్వకండి. శనివారం తెరిచి ఉండటం ఒక్కటే చూసి కూడా ఏదీ తేల్చలేం. మాంసం కోషర్‌దే వాడుతూ యూదుల విశ్రాంతి దినమైన సబ్బత్ రోజున వ్యాపారం చేసిన డెలిలు నగరంలో చాలా ఉండేవి.

మరొకటి. 1880ల దాకా న్యూయార్క్‌లో ఇలాంటి షాపులు ఎక్కువగా జర్మన్లవి, వాటిలో పంది మాంసం కూడా అమ్మేవారు. పాత డైరెక్టరీలో డెలికటెసెన్ (డెలికి పూర్తి పేరు) అని కనిపించిన ప్రతిదీ యూదులదని అనుకోకూడదు.

చిరునామాతో మొదలు

షాపు ఇప్పుడున్న చిరునామాకు బ్లాక్ నంబర్, లాట్ నంబర్ తీసుకోండి. నగరం ఆన్‌లైన్ పన్ను మ్యాపులో వీధి నంబర్ కొడితే రెండూ వస్తాయి. తర్వాత న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సైట్‌లో ఉన్న పాత అట్లాసులు, శాన్‌బోర్న్ అగ్నిబీమా మ్యాపులు తెరిచి అదే మూలను పోల్చండి. పక్కపక్క లాట్లను కలిపేసి పెద్ద భవనం కట్టినచోట పాత లాట్ నంబర్ మాయమైపోతుంది. రోడ్డు వెడల్పు చేసినచోట ఒక వరస ఇళ్లే ఉండవు. హౌస్టన్ వీధిలో సబ్‌వే కోసం సరిగ్గా ఇదే జరిగింది. పాత నంబరు రాసిపెట్టుకోకపోతే ఆ తర్వాత చూసే ప్రతి రికార్డులోనూ పక్కింటివాళ్ల చరిత్ర చదువుతూ కూర్చుంటారు.

నంబర్లు చేతికొచ్చాక మొదట చూడాల్సింది పన్ను ఫొటో. 1939 నుంచి 1941 మధ్య నగరంలోని ఐదు బరోల్లో, అంటే ఐదు పెద్ద విభాగాల్లో ఉన్న భవనాలన్నిటినీ నగరం ఫొటో తీయించింది. చేంబర్స్ వీధిలోని మున్సిపల్ ఆర్కైవ్స్ వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. ప్రతి ఫొటోలో బ్లాక్, లాట్ అంకెలు పెట్టిన చిన్న బోర్డు కనిపిస్తుంది. ముందు ఆ అంకెలు చదివి మీ దగ్గరున్న నంబరుతో సరిచూడండి, ఎందుకంటే తప్పు శీర్షిక కింద చేరిపోయిన ఫొటోలుంటాయి. షాపు మూల మీద ఉంటే ఫొటో రెండో వీధి వైపు నుంచి తీసి ఉండవచ్చు. అప్పుడు ఎదుటి లాట్లు, పక్క లాట్ల ఫొటోలు కూడా తెరవండి. మీ షాపు వాటి అంచున దొరకడం మామూలే.

ఫొటోను వీలైనంత పెద్దది చేసి కిటికీ అద్దాన్ని అంగుళం అంగుళం చదవండి. కుడి నుంచి ఎడమకు కాఫ్, షిన్, రేష్ అనే మూడు హీబ్రూ అక్షరాలుంటే అది కోషర్ అన్న ప్రకటన. కోషర్ కానిదాన్ని కోషర్ అని అమ్మడాన్ని 1915లోనే న్యూయార్క్ రాష్ట్రం నేరంగా చేసింది కాబట్టి ఆ అక్షరాలు ఊరికే అలంకారానికి రాసేవి కావు. అద్దం లోపల వరసగా వేలాడే సలామీలు, మూలన టెలిఫోన్ నంబరు, ధర రాసిన అట్టముక్క, తలుపు పైన యజమాని పేరు, ఏ ఒక్కటి స్పష్టంగా కనబడినా తర్వాతి వెతుకులాటకు దారం దొరికినట్టే. 1980ల్లో మళ్లీ రంగుల్లో ఇంకో విడత తీశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ముఖద్వారం ఎప్పుడు మారిందో ఒక అంచనా వస్తుంది.

స్థలం దస్తావేజుల దగ్గర ఆశలు తక్కువ పెట్టుకోండి. 1966 తర్వాతివి నగరం అక్రిస్ సైట్‌లో ఉన్నాయి, కానీ డెలిలు చాలావరకు అద్దె గదుల్లోనే నడిచాయి. దస్తావేజులో ఉండేది ఇంటి యజమాని పేరు. దాన్ని డెలి యజమాని పేరనుకుని కుటుంబ వృక్షమే తప్పుగా కట్టేసినవాళ్లున్నారు.

డైరెక్టరీలు, వ్యాపార పత్రాలు

స్థాపించిన సంవత్సరాన్ని తేల్చేది ఎక్కువసార్లు నగర డైరెక్టరీయే. ట్రో కంపెనీ డైరెక్టరీలు పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ సేకరణలో ఉన్నాయి. 1910ల మధ్య దాకా దాదాపు ఏటా వచ్చాయి, తర్వాత అడపాదడపా వచ్చి 1933–34తో మాన్‌హట్టన్‌కు ఆగిపోయాయి. ఎంట్రీలో పేరు, వృత్తి, షాపు చిరునామా, ఆ తర్వాత ‘హెచ్’ అక్షరం పక్కన ఇంటి చిరునామా ఉంటాయి. ఇంటి చిరునామాను వదలకండి, సెన్సస్‌లో మనిషిని పట్టించేది అదే. వృత్తి కింద డెలికటెసెన్ అని మాత్రమే వెతికితే సగం పోగొట్టుకుంటారు. మాంసం, ప్రొవిజన్లు, సాసేజ్, లంచ్ రూమ్, రెస్టారెంట్ అన్నీ చూడాలి.

ఒక సంవత్సరం పేరు లేనంత మాత్రాన షాపు లేదని కాదు. ఇంగ్లీషు రాని చిన్న వ్యాపారులను వివరాలు సేకరించేవాళ్లు తరచూ దాటేసేవారు. వరసగా మూడు నాలుగేళ్ల సంపుటాలు చూసి, అదే చిరునామాలో అంతకుముందు ఎవరున్నారో కూడా తేలితేనే ‘ఈ సంవత్సరానికల్లా ఇక్కడ నడుస్తోంది’ అని రాయండి. ‘ఈ సంవత్సరం మొదలైంది’ అని రాయడానికి అది కూడా చాలదు.

కౌంటీ క్లర్క్ ఆఫీసులో భాగస్వామ్య పత్రాలు, వ్యాపార నామ పత్రాలు ఉంటాయి. షాపు పేరు వెనక అసలు మనుషులెవరో, వాళ్ల ఇంటి చిరునామాలేమిటో, ఏ తేదీన సంతకం పెట్టారో అక్కడ దొరుకుతుంది. రాష్ట్ర ప్రభుత్వ కార్పొరేషన్ల జాబితా ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది గానీ అందులో ఉండేది కంపెనీగా నమోదైన తేదీ. ముప్ఫై ఏళ్లు సొంత పేరుమీద నడిపాక, పిల్లలకు వాటాలు పంచేటప్పుడు నమోదు చేయించుకున్న షాపులు ఎన్నో. ఆ తేదీని స్థాపనగా రాయవద్దు.

మనుషుల కాగితాలు

ఫెడరల్ సెన్సస్ 72 ఏళ్ల తర్వాతే బయటికొస్తుంది. అందుకే ప్రస్తుతానికి 1950 దాకా చదవచ్చు. 1890 సెన్సస్ దాదాపు మొత్తం 1921 అగ్నిప్రమాదం, ఆ తర్వాతి పరిణామాల్లో పోయింది. డెలి చరిత్రకు ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే తూర్పు యూరప్ యూదుల వలస ఊపందుకున్న దశాబ్దం సరిగ్గా అదే. న్యూయార్క్ రాష్ట్రం సొంతంగా తీసిన 1905, 1915, 1925 సెన్సస్‌లతో ఆ తర్వాతి ఖాళీలను కొంత పూడ్చుకోవచ్చు.

పేరుతో వెతికి దొరక్కపోతే ఇంటి చిరునామాతో వెతకండి. స్టీవ్ మోర్స్ వన్-స్టెప్ అనే వెబ్‌సైట్ పేజీల్లో వీధులు ఇస్తే ఏ గణన డివిజన్‌లోకి వస్తుందో చెబుతుంది. ఆ డివిజన్ పేజీలు ఒక్కొక్కటీ తిప్పడమే. విసుగు పనే, కానీ ఫలితం ఇస్తుంది. 1900 పేజీలో వలస వచ్చిన సంవత్సరం ఉంటుంది. 1910లో మనిషి యజమానా, కూలికి పనిచేస్తున్నాడా, సొంతంగా చేసుకుంటున్నాడా అని అదనపు గడి ఉంటుంది. కౌంటర్‌మన్ యజమాని అయిన మలుపు ఈ గడిలోనే కనిపిస్తుంది. 1940 పేజీలో జవాబులు చెప్పిన మనిషి పేరు పక్కన వృత్తంలో ఎక్స్ గుర్తు ఉంటుంది. చెప్పింది పొరుగింటావిడో, పన్నెండేళ్ల పిల్లాడో అయితే వయసులు, సంవత్సరాలు అంతగా నమ్మకండి.

పుట్టిన దేశం మారిపోతే కంగారు పడొద్దు. గలీషియాలో పుట్టినవాడు 1910లో ఆస్ట్రియా అని, 1920 తర్వాత పోలండ్ అని చెబుతాడు. సరిహద్దులు జరిగాయి, మనిషి ఒకడే. ముందుపేర్లూ అంతే: ఓడ జాబితాలో మోయిషే అన్నవాడు న్యూయార్క్‌లో మోరిస్, హెర్ష్ హ్యారీ, వెల్వెల్ విలియం. ‘ఎలిస్ ఐలాండ్‌లో (వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే రేవు) అధికారి మా పేరు మార్చేశాడు’ అనే మాట దాదాపు ప్రతి కుటుంబంలో వినిపిస్తుంది, దాన్ని అలాగే రాయకండి. జాబితాలు ఓడ బయల్దేరిన రేవులోనే తయారయ్యేవి, ఇక్కడి అధికారులు వాటితో సరిచూసుకునేవారు. పేర్లు చాలావరకు తర్వాత వాళ్లే మార్చుకున్నారు, పౌరసత్వ పత్రాల్లో ఆ మార్పు కనిపిస్తుంది. 1906 సెప్టెంబరు తర్వాతి పౌరసత్వ పత్రాలు బంగారు గనులు: ఓడ పేరు, దిగిన తేదీ, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి. అంతకుముందువాటిలో పేరు, దేశం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. 1918 సెప్టెంబరు 12న 18 నుంచి 45 ఏళ్ల మగవాళ్లలో అంతకుముందు నమోదుకానివాళ్లు సైన్యానికి నమోదైనప్పటి కార్డుల్లో పనిచేసే చోటు చిరునామా ఉంటుంది. షాపు, మనిషి ఒకే కాగితం మీద కలిసే అరుదైన చోటు అది.

ఇప్పుడు ఓడ దిగిన తేదీని బోర్డు మీది సంవత్సరంతో పోల్చండి. మనిషి దేశానికి రాకముందే షాపు పెట్టినట్టు తేలితే మూడు ప్రశ్నలు వేయాలి: ముందున్న యజమాని సంవత్సరాన్ని వీళ్లు వారసత్వంగా తీసుకున్నారా, అన్నదమ్ముల్లో వేరొకరు ముందు వచ్చారా, లేక సంవత్సరమే తప్పా? మూడూ జరుగుతుంటాయి.

ఆడవాళ్ల విషయంలో సెన్సస్ చాలా అన్యాయం చేసింది. గల్లాపెట్టె దగ్గర, వంటగదిలో పొద్దంతా నిలబడ్డ భార్య పేరు పక్కన వృత్తి గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నమ్మి ‘భర్త షాపు నడిపాడు’ అని రాయకండి. భాగస్వామ్య పత్రాలు, లోపలి ఫొటోలు, మరణవార్తలు చూడండి. జోయెల్ రస్ తన కూతుళ్లు హాటీ, ఐడా, ఆన్‌లను భాగస్వాములుగా చేసి, వాళ్లనే బోర్డు మీదికి ఎక్కించాడు. అలా కాగితానికెక్కిన కుటుంబాలు అరుదు.

తేదీ లేని మెనూకు తేదీ కట్టడం

కుటుంబాల దగ్గర దొరికే మెనూలు, అగ్గిపెట్టెలు, సంచుల మీద తేదీ ఉండదు. అయినా కాలం పట్టుకోవచ్చు.

టెలిఫోన్ నంబరు చూడండి. ఆర్చర్డ్ వంటి ఎక్స్ఛేంజి పేరు, తర్వాత నాలుగంకెలే ఉంటే 1930 డిసెంబరుకు ముందుది. పేరులో మొదటి రెండక్షరాలు పెద్దవిగా అచ్చువేసి, తర్వాత ఐదంకెలుంటే ఆ తర్వాతిది. చిరునామాలో న్యూయార్క్ పక్కన ఒకటి రెండంకెల పోస్టల్ జోన్ ఉంటే 1943కు, 1963కు మధ్యది. ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జూలై తర్వాతిది. పాత స్టాకు అయ్యేదాకా వాడేవారు కాబట్టి ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ వదిలిపెట్టండి.

యుద్ధకాలపు మెనూలు అన్నిటికంటే తేలిక. ధరల నియంత్రణ కార్యాలయం ఓపీఏ ఆదేశం ప్రకారం, తమ గరిష్ఠ ధరలు 1943 ఏప్రిల్ 4 నుంచి 10 వరకు ఉన్న ధరల మీద ఆధారపడినవని అడుగున చిన్న అక్షరాల్లో వేసేవారు. ఆ వాక్యం కనిపిస్తే ఆ వారానికి తర్వాత, నియంత్రణ ఎత్తేసేలోపు అచ్చయినదన్నమాట. ధర పక్కన పెన్నుతో దిద్దిన అంకెలుంటే రెండూ రాసుకోండి. అచ్చు ధర ఒక కాలానిది, దిద్దినది మరో కాలానిది.

పెద్దవాళ్లను అడగడం

సంవత్సరాలు అడిగితే బోర్డు మీదిదే తిరిగి చెబుతారు. వస్తువులు అడగండి. తలుపు తీయగానే కౌంటర్ ఏ చేతివైపు ఉండేది? మాంసం మీరే సెల్లార్‌లో పీపాల్లో ఊరబెట్టేవాళ్లా, ప్రొవిజన్ కంపెనీ నుంచి తయారుగా వచ్చేదా? వస్తే ఏ రోజు వచ్చేది, ఏ కంపెనీ? పాస్ట్రామీని కత్తితో కోసేవాళ్లా, యంత్రంతోనా, యంత్రం ఎప్పుడొచ్చింది? పచ్చళ్లు అంటే ఉప్పునీళ్లలో పులిసిన దోసకాయలు, వెనిగర్‌వి కావు. వాటిని ఎవరు వేసేవారు? శుక్రవారం సాయంత్రం షట్టర్ దించింది ఎవరు? ఇలాంటి ప్రశ్నలకు మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు వాటంతటవే దొర్లుతాయి. సంవత్సరాన్ని రాబట్టాలంటే అందరికీ గుర్తుండే రాత్రులకు ముడిపెట్టండి: 1965 నవంబరు 9, 1977 జూలై 13 రాత్రుల్లో నగరంలో చాలావరకు కరెంటు పోయింది. ‘అప్పటికి పాత ఐస్‌పెట్టె ఉందా, కొత్తది వచ్చిందా’ అంటే జవాబు ఖాయంగా వస్తుంది.

వాళ్లు చెప్పిన కంపెనీ పేర్లతో పత్రికల్లో ప్రకటనలు వెతకండి. బ్రూక్లిన్ షాపైతే బ్రూక్లిన్ డైలీ ఈగిల్ సంచికలు అక్కడి లైబ్రరీ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1897లో మొదలైన యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పత్రిక ఫార్వర్ట్స్‌ను ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం వారి చారిత్రక యూదు పత్రికల సైట్‌లో చదవచ్చు. యిడ్డిష్ అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది కాబట్టి షాపు పేరుతో పాటు వీధి పేరుతోనూ వెతకండి.

పొంతన కుదరనప్పుడు

న్యూయార్క్‌లో మొదటి పాస్ట్రామీ శాండ్‌విచ్ తమ పూర్వీకుడు సుస్మన్ వోల్క్ చేసిందేనని వోల్క్ కుటుంబం చెబుతుంది. పెట్టె దాచిపెట్టినందుకు రుమేనియా స్నేహితుడు తయారీ విధానం ఇచ్చాడని కథ. దీన్ని ‘కుటుంబం చెప్పేదేమంటే’ అని మొదలుపెట్టి పూర్తిగా రాయండి. కొట్టిపారేయాల్సిన పనిలేదు, తీర్పు చెప్పాల్సిన పనీ లేదు. అప్పుడు నగరంలో చాలామంది రుమేనియా యూదులున్నారు, మొదటివాడెవడో ఏ కాగితమూ తేల్చదు.

చిరునామా పద్ధతి తెగిపోయే చోట్లు కూడా ఉన్నాయి. సెకండ్ అవెన్యూ డెలిని ఏబ్ లెబెవోల్ 1954లో సెకండ్ అవెన్యూ, పదో వీధి మూలన పెట్టాడు. 1996లో ఆయన హత్యకు గురయ్యాడు. 2006లో అక్కడ షాపు మూతపడింది. 2007 డిసెంబరులో అదే కుటుంబం అదే పేరుతో 33వ వీధిలో తెరిచింది. ఇలాంటప్పుడు రెండు ఫైళ్లు పెట్టండి, ఒకటి చిరునామాది, ఒకటి కుటుంబానిది. రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో తేదీలతో గుర్తుపెట్టండి. ప్రతి వాస్తవం పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో, కాగితం లేకపోతే ఎవరు చెప్పారో రాసుకోండి.

కుటుంబం ఇచ్చినవాటిని 600 డీపీఐలో, రంగుల్లో, రెండు వైపులా స్కాన్ చేయండి. ఫొటోల వెనక పెన్సిల్ రాతలుంటాయి. ఫైలు పేరులో చిరునామా, తేదీ, ఇచ్చినవారి పేరు పెట్టండి. అగ్గిపెట్టెలను బలవంతంగా చదును చేయకండి, మడత దగ్గర విరుగుతాయి. అన్నిటికంటే ముందు థర్మల్ కాగితం మీది బిల్లులు తీయండి, వాటి అక్షరాలు కొన్నేళ్లలోనే చెరిగిపోతాయి. మూతపడిన షాపు అయితే పెట్టెలు పారేసేలోపు 16వ వీధిలోని యివో అనే యూదు చరిత్ర పరిశోధన సంస్థ ఆర్కైవ్స్‌ను అడగమని కుటుంబానికి చెప్పండి. ఖాతాపుస్తకాలు, జీతాల రిజిస్టర్లు ‘చెత్త కాగితాలు’ అనుకుని మొదట బయట పడేసేవి. వాటికోసం మాత్రం తప్పకుండా పేరుపెట్టి అడగండి.